ఉమ్మడి ఫోటో చాలదు, ఉమ్మడి సంతకం కావాలి

పింఛను కాగితాల్లో భార్య ఎక్కడుంటుందో ఎప్పుడైనా చూశారా? ఫోటోలో ఉంటుంది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, స్టూడియో అతను "కొంచెం దగ్గరికి జరుగమ్మా" అంటే ఒక్క అంగుళం జరిగి, కెమెరా వైపు బెదురుగా చూస్తూ ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగి పింఛను కాగితాలైనా, ప్రావిడెంట్ ఫండు వాళ్ళ 10-డి ఫారమైనా ఈ జాయింట్ ఫోటో లేకుండా ముందుకు కదలవు. కానీ పింఛను ఏ వయసునుంచి తీసుకోవాలి, మొత్తంగా ఎంత తీసేసుకోవాలి, తాను పోయాక ఎవరికి ఎంత రావాలి అని నిర్ణయించే గళ్ళ దగ్గర ఆమె కనబడదు. అక్కడ సంతకం ఒక్కడిదే.

పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో (ఇప్పుడవి ఎన్ని జిల్లాలయ్యాయో లెక్క చెప్పాలంటే నేను కూడా వేళ్ళు మడవాలి) భర్త పోయిన ఆడవాళ్ళ కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం చాలా ఏళ్ళుగా నా పనిలో ఒక భాగం. భూమి, కూలి, కట్నం, హింస గురించి మన సంఘాల్లో మాట్లాడుకున్నంతగా పింఛను గురించి మాట్లాడుకోం. అది "ఉద్యోగస్తుల గొడవ" అని పక్కన పెట్టేస్తాం. నిజానికి ఈ రెండు జిల్లాల్లో ఆర్టీసీ డ్రైవర్లు, కండక్టర్లు, కృష్ణ ఒడ్డు సిమెంటు ఫ్యాక్టరీల కార్మికులు, చిన్న మిల్లుల్లో పనిచేసేవాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు మన సంఘాల్లో సభ్యులే. భర్తకన్నా ఐదేళ్ళో పదేళ్ళో చిన్నవాళ్ళు. సగటున మగవాళ్ళకన్నా రెండు మూడేళ్ళు ఎక్కువ బతికేవాళ్ళు. అంటే, ఆయన పెట్టిన సంతకంతో ఆయనకన్నా ఎక్కువ కాలం కాపురం చేయాల్సింది వాళ్ళు.

ఒకామె సంగతి చెప్తాను. ఆమె భర్త ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు పనిచేశాడు. యాభై మూడో ఏట పని మానేశాడు. పొలంలో బోరు ఎండిపోయింది, రెండో బోరు వేయాలి, బిడ్డ పెళ్ళి ముందుంది. యాభై ఎనిమిది ఏళ్ళకు రావలసిన పింఛనును ముందే పెట్టించుకున్నాడు. నెలకు సుమారు 2,400 రూపాయలు వచ్చేవి. ఆరేళ్ళ తర్వాత ఆయన చనిపోయాడు. ఇప్పుడు ఆమెకు నెలకు 1,200. ఆ అంకె విన్న రోజు ఆమె ఏడవలేదు. "ఆయన ఉన్నప్పుడు తిన్నదాంట్ల సగమే తినాల్నా అక్కా? నేను సగం మనిషినా?" అని అడిగింది.

ఈ సగం ఎక్కడినుంచి వచ్చిందో మనమంతా తెలుసుకోవాలి. 1971 నాటి కుటుంబ పింఛను పథకం స్థానంలో 1995 నవంబరు 16 నుంచి ఉద్యోగుల పింఛను పథకం వచ్చింది. అందరూ ఇ.పి.ఎస్. 95 అనేది దీన్నే. పదేళ్ళ సర్వీసు ఉంటే యాభై ఎనిమిదో ఏట పింఛను మొదలవుతుంది. పని మానేసినవాళ్ళు యాభై ఏళ్ళ నుంచే తీసుకోవచ్చు, కానీ ముందుగా తీసుకున్న ప్రతి ఏడాదికీ 4 శాతం కోత. అదే యాభై ఎనిమిది దాటాక అరవై దాకా ఆగితే, 2016లో చేసిన సవరణ ప్రకారం, ఏడాదికి 4 శాతం పెరుగుతుంది. పింఛను మొదలయ్యాక ఆయన చనిపోతే, ఆ రోజుకు ఆయనకు ఎంత వస్తోందో అందులో సగం భార్యకు. వెయ్యికి తగ్గకుండా ఇవ్వాలని 2014 సెప్టెంబరులో నియమం పెట్టారు. ఇరవై ఐదేళ్ళ లోపు పిల్లలుంటే, ఒకేసారి ఇద్దరి దాకా, తల్లి పింఛనులో పావు వంతు చొప్పున విడిగా వస్తుంది.

అంటే ఆయన ముందుగా తీసుకుని కోయించుకున్న కోత ఆయనతో పోదు. సగం చేసేముందు కూడా ఉంటుంది, సగం చేశాక కూడా ఉంటుంది. పై ఇంటి లెక్కే చూడండి. యాభై ఎనిమిదికి ఆయనకు 3,000 రావాలి, ఆమెకు 1,500 మిగలాలి. అరవై దాకా ఆగి ఉంటే ఆయనకు 3,240, ఆమెకు 1,620. యాభై మూడుకే తీసుకున్నందువల్ల ఆమెకు 1,200. నెలకు మూడు, నాలుగు వందల తేడా అని ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు తీసిపారేయవచ్చు. పన్నెండు వందలతో నెల గడిపే మనిషికి ఆ మూడు వందలు బి.పి. మందులు, కరెంటు బిల్లు.

ఆయన తప్పు చేశాడని నేను అనడం లేదు. ఐదేళ్ళు ముందుగా తీసుకున్నందుకు ఆ ఇంటికి దాదాపు లక్షా నలభై నాలుగు వేలు వచ్చాయి. అవసరం కూడా నిజమైనదే. మన ఎగువ ప్రాంతాల్లో బోరు అప్పు తెలియని ఇల్లు ఏది? అడిగి ఉంటే ఆమె కూడా "సరే, తీసుకో" అనేదేమో. కానీ ఆమెను ఎవరూ అడగలేదు. భర్త అడగలేదు, ఫ్యాక్టరీ అడగలేదు, ఫారం నింపిన కుర్రవాడు అడగలేదు, ప్రభుత్వం అడగలేదు. ఆ డబ్బు నీళ్ళు పడని రెండో బోరులోకి పోయింది. నెలకు మూడు వందల కోత మాత్రం ఆమె బతికినన్నాళ్ళు ఆమె దగ్గర ఉంటుంది.

అడగకపోవడం ఒక్క ఇంటి అలవాటు కాదు, చట్టమే అట్లా కట్టారు. రెండు ఉదాహరణలు ఇస్తాను.

మొదటిది 2008 నాటిది. ఇ.పి.ఎస్. 95 వచ్చినప్పుడు అందులో మనకు పనికొచ్చే ఒక వెసులుబాటు ఉండేది. ఆయన తన పింఛనులో పదో వంతు వదులుకుంటే, ఆయన తర్వాత భార్యకు సగానికన్నా బాగా ఎక్కువ పింఛను వచ్చేది, ఆమె తర్వాత వారసులకు కొంత పెట్టుబడి సొమ్ము కూడా వాపసు వచ్చేది. భార్యాభర్తలు కూర్చుని "నువ్వు ఉన్నన్నాళ్ళు కొంచెం తగ్గించుకుందాం, నేను మిగిలితే నాకు ఉంటుంది" అని మాట్లాడుకోవడానికి ఈ పథకంలో ఉన్న మంచి వీలు అదే. 2008 సెప్టెంబరు 26న దాన్ని తీసేశారు. ముందస్తు పింఛను కోత 3 శాతం నుంచి 4 శాతానికి పెంచింది కూడా అప్పుడే. ఫండులో డబ్బు చాలదన్నారు. ఫండు లోటు పూడ్చడానికి కోసింది ఎవరి ముద్ద? ఇంకా వితంతువులు కాని, ఆ రోజుకు తమకేం పోతోందో తెలియని లక్షల మంది భార్యల ముద్ద. కార్మిక సంఘాలు ఎన్నో విషయాల మీద ధర్నాలు చేశాయి, కనీస పింఛను పెంచమని ఇప్పటికీ చేస్తున్నాయి, ఆ పోరాటాల్లో మనమూ ఉన్నాం. కానీ ఈ వెసులుబాటు తిరిగి కావాలని ఒక్క కరపత్రం నా చేతికి రాలేదు.

రెండోది 2022 నవంబరు 4 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత జరిగింది. అసలు జీతం మీద ఎక్కువ పింఛను కావాలనుకునేవాళ్ళు 'ఉమ్మడి ఆప్షన్' ఇవ్వాలన్నారు. గడువు పొడిగించుకుంటూ పోయి 2023 జూలై 11 దాకా తెచ్చారు. ఆ ఆరేడు నెలలు ఆర్టీసీ కార్మికుల ఇళ్ళలో, ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఇదే మాట. ఆప్షన్ ఇస్తే ప్రావిడెంట్ ఫండు నుంచి లక్షల రూపాయలు పింఛను ఫండుకు మళ్ళించాలి. తీసేసుకున్నవాళ్ళయితే వెనక్కి కట్టాలి. చేతిలో ఉండే మొత్తం తగ్గుతుంది, నెలనెలా వచ్చేది పెరుగుతుంది, భార్యకు వచ్చే సగం కూడా పెరుగుతుంది. ఒక కుటుంబం జీవితంలో ఇంతకన్నా పెద్ద డబ్బు నిర్ణయం ఉంటుందా? అయితే 'ఉమ్మడి' అంటే ఎవరెవరు? ఉద్యోగి, యజమాని. ఇద్దరూ కలిసి సంతకం పెట్టాలి. యజమాని ఒప్పుకోవాలని రాసిన కలానికి భార్యను అడగాలని తోచలేదు. పింఛను చట్టానికి తెలిసిన జంట అదొక్కటే కాబోలు.

ఇది మన దేశపు మగవాళ్ళ దుర్మార్గం అని, లోకంలో ఎక్కడా ఇట్లా లేదని అనుకోకండి. అమెరికాలోనూ ఇట్లాగే ఉండేది. ప్రైవేటు కంపెనీల పింఛను మీద 1974లో అక్కడ చట్టం తెచ్చారు. పెళ్ళయినవాడికి పింఛను ఇస్తే అది భార్యాభర్తలిద్దరి జీవితకాలానికీ వర్తించేట్టు ఇవ్వాలని అందులో ఉంది. కానీ ఆ ఏర్పాటు నాకొద్దు, నేను బతికినన్నాళ్ళే ఎక్కువ ఇచ్చేయండి అని భర్త ఒక్కడే రాసిచ్చే వీలు కూడా ఉండేది. చాలామంది అట్లాగే రాసిచ్చారు. ఆ సంగతి భార్యలకు దినాలయ్యాక తెలిసేది. ఆడవాళ్ళు పోరాడితే, జెరాల్డిన్ ఫెరారో లాంటి సభ్యులు కాంగ్రెస్‌లో పట్టుబడితే, 1984లో చట్టం మారింది. భార్య రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే, ఆ సంతకాన్ని నోటరీ గాని పింఛను సంస్థ ప్రతినిధి గాని ఎదురుగా ఉండి చూడకపోతే, భర్త రాసిచ్చినది చెల్లదు. ఉద్యోగం చేసేది భార్య అయితే భర్త సంతకం కావాలి, అదీ సమానమే.

అక్కడి ప్రభుత్వ సోషల్ సెక్యూరిటీ వేరే లెక్క. అరవై రెండో ఏట నుంచి డెబ్భై దాకా ఎప్పుడైనా తీసుకోవచ్చు. ఇద్దరిలో ఒకరు పోతే, మిగిలినవారికి రెండింటిలో పెద్దది వస్తుంది. అందుకని ఎక్కువ సంపాదించినవాళ్ళు ఆలస్యంగా తీసుకుంటే మిగిలినవాళ్ళకు మేలు అని అక్కడి పత్రికల్లో మొగుడూపెళ్ళాలకు సలహాలు రాస్తుంటారు. మన దగ్గర పత్రికల్లో పింఛను శీర్షిక చూడండి. "పదవీ విరమణ పొందిన ఉద్యోగి ఏం చేయాలి" అని ఉంటుంది. ఆయన తర్వాత బతికే మనిషి ఆ శీర్షికలో ఒక వాక్యం, అదీ చివర్లో.

ఇక మనమీదకు వచ్చే అభ్యంతరాలు. ఒక మీటింగులో యూనియన్ నాయకుడొకాయన అన్నాడు: "కష్టపడింది వాడు, కోయించుకున్నది వాడి జీతంలోంచి. మధ్యలో మీరొచ్చి ఇంట్లో కొట్లాటలు పెడుతున్నరు." కష్టపడింది ఎవరు? ఫస్ట్ డ్యూటీకి పోయే డ్రైవర్ ఇంట్లో తెల్లవారుజామున మూడింటికి పొయ్యి వెలిగించింది ఎవరు? ఆయన నైట్ హాల్ట్ బస్సుతో ఏదో ఊళ్ళో పడుకుంటే, జ్వరమొచ్చిన పిల్లతో, ముసలి అత్తతో, పాలిచ్చే బర్రెతో రాత్రి గడిపింది ఎవరు? ఆ పని లేకుండా ఆ స్టీరింగ్ ముప్పై ఏళ్ళు తిరిగేది కాదు. అన్నట్టు, ఆ నాయకుడు తన కమ్యుటేషన్ డబ్బు ఏం చేశాడో ఆయన భార్యను అడిగాను. "నాకేం తెల్వదు వదినా, కొడుక్కు ఇచ్చిండట" అంది.

కొడుక్కు ఇచ్చిండట. ప్రభుత్వ ఉద్యోగుల ఇళ్ళలో మన సమస్య ఈ మాటలో ఉంది. అక్కడ చట్టం కొంత నయం. 1980 నాటి పింఛను నియమాల కింద కుటుంబ పింఛనును ఆఖరి జీతం మీద లెక్క కడతారు. మొదట కొన్నేళ్ళు ఎక్కువ ఇచ్చి, ఆ తర్వాత 30 శాతం. ఆయన తన పింఛనులో 40 శాతం దాకా అమ్ముకుని మొత్తంగా డబ్బు తీసుకున్నా, అది భార్య కుటుంబ పింఛనును తగ్గించదు. అంటే కమ్యుటేషన్ డబ్బు, గ్రాట్యుటీ డబ్బు ఆమె పేరున గాని ఇద్దరి పేరున గాని వేస్తే ఆమెకు రెండు ఆధారాలు ఉంటాయి. కానీ పదవీ విరమణ రోజు మెడలో దండ వాడకముందే ఆ డబ్బు హైదరాబాదులో కొడుకు పేరుమీద ప్లాటు అవుతుంది. లేదా అల్లుడి వ్యాపారం అవుతుంది. తల్లి ఆ ఇంట్లో వెనకగదిలో ఉంటుంది. చట్టం ఇవ్వజూపిన రక్షణను ఇంటి పెద్దరికం ఈ విధంగా తినేస్తుంది.

2004 సెప్టెంబరు 1 తర్వాత ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవాళ్ళు కంట్రిబ్యూటరీ పింఛనులో ఉన్నారు. వాళ్ళలో చాలామంది ఇంకా నడివయసులోనే ఉన్నారు కాబట్టి ఈ మాట ఇప్పుడే చెప్పాలి. రిటైరయ్యే రోజు పోగైన సొమ్ములో కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి. 'నేను ఉన్నంతవరకే' అనే రకం కొంటే నెలకు ఎక్కువ వస్తుంది. 'నా తర్వాత నా భార్యకు అంతే' అనే రకం కొంటే కొంత తక్కువ వస్తుంది. ఆ గడిలో టిక్కు పెట్టే వేలు ఆమె మిగతా జీవితాన్ని తేలుస్తుంది. ఈ ఇళ్ళలో ఆడవాళ్ళతో మనం ముందునుంచే మాట్లాడాలి. టీచర్ల సంఘాల మహిళా విభాగాలు తలుచుకుంటే ఒక్క వేసవి సెలవుల్లో అయ్యే పని.

రెండో అభ్యంతరం మనవాళ్ళ నుంచే వస్తుంది. "వేలిముద్ర వేయమంటే వేస్తుంది, సంతకం పెట్టమంటే పెడుతుంది. భర్త కొట్టి పెట్టిస్తాడు. నీ ఉమ్మడి సంతకం వల్ల ఒరిగేదేమిటి?" ఇది గట్టి ప్రశ్న. ఇల్లు తాకట్టు పెట్టేటప్పుడు, గ్రూపు అప్పు తెచ్చి మొగుడి చేతిలో పెట్టేటప్పుడు మన ఆడవాళ్ళ సంతకాలు ఎట్లా తీసుకున్నారో నేను చూశాను. అందుకే ఉత్త సంతకం చాలదంటున్నాను. ఆమెకు తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక కాగితం ఇవ్వాలి. ఇప్పుడు తీసుకుంటే ఆయనకెంత, ఆయన తర్వాత నీకెంత, యాభై ఎనిమిది దాకా ఆగితే ఎంత, అరవై దాకా ఆగితే ఎంత అని అంకెలు వేసి ఇవ్వాలి. దాన్ని ఒక అధికారి, భర్త పక్కన లేకుండా, ఆమెకు చదివి వినిపించాలి. పది రోజుల తర్వాతే సంతకం తీసుకోవాలి. వద్దనుకుంటే వద్దని రాసే గడి కూడా అందులో ఉండాలి. అప్పుడు కూడా బలవంతాలు జరుగుతాయి. కానీ ఇవాళ బలవంతం చేయాల్సిన అవసరం కూడా ఎవరికీ లేదు, ఎందుకంటే ఆమె సమ్మతి ఎవరికీ అక్కర్లేదు.

భర్త వదిలేసి వెళ్ళినవాళ్ళ సంగతి, కోర్టుల్లో ఉన్నవాళ్ళ సంగతి, రెండో భార్య సంగతి ఈ సంతకంతో తేలేవి కావు. వాటి గురించి వేరే రాయాలి. ఒక్కమాట మాత్రం చెప్పాలి. ఇ.పి.ఎస్.లో వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పింఛను ఆగిపోతుంది. వితంతు వివాహ చట్టం 1856లో వచ్చింది, రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఇన్నేళ్ళ తర్వాత కూడా ముప్పై ఏళ్ళ పిల్ల తోడు వెతుక్కుంటే నెలకు వెయ్యి రూపాయల జరిమానా!

ఉద్యోగం చేసే ఆడవాళ్ళకు ఇది తిరగేసి వర్తిస్తుంది. మహిళా కండక్టర్లు, టీచర్లు, నర్సులు తమ తర్వాత ఎవరికి పోవాలో తాము నిర్ణయించుకోవాలి. హింస పెట్టే భర్త, విడాకుల కేసు నడుస్తున్న భర్త కుటుంబ పింఛనుకు మొదటి హక్కుదారు కావడం మీద ఎన్నో ఏళ్ళు ఆడవాళ్ళు అడిగారు. 2024 జనవరిలో కేంద్ర ప్రభుత్వం తన మహిళా ఉద్యోగులకు, విడాకులు, గృహహింస, వరకట్న కేసులు నడుస్తుంటే భర్తకన్నా ముందు పిల్లలకు వచ్చేట్టు రాసుకునే వీలు ఇచ్చింది. దీన్ని రాష్ట్ర ఉద్యోగుల్లోనూ, ప్రావిడెంట్ ఫండు పరిధిలోనూ అడగాలి.

ఇప్పుడు పేర్ల గొడవ. ఇది చిన్నదిగా కనబడుతుంది గాని, నా తిరుగుడులో సగం దీనికే పోయింది. మన పల్లెల్లో ఆడపిల్లకు పుట్టింట్లో ఒక పేరు, అత్తగారింట్లో ఇంకో పేరు. తోడికోడలి పేరు అదే అయితే ఈమె పేరు మారుస్తారు. ప్రావిడెంట్ ఫండులో భర్త ముప్పై ఏళ్ళ కింద రాయించిన పేరు ఒకటి, రేషను కార్డులో ఒకటి, ఆధార్‌లో ఇంటిపేరు పుట్టింటిది. పుట్టిన తేదీ ఎవరికి తోచింది వారు వేశారు. భర్త బతికుండగా ఆయన ఒక దరఖాస్తు పెడితే తీరేదానికి, ఆయన పోయాక అఫిడవిట్లు, ఇద్దరు సాక్షులు, తహసీల్దారు కాగితం, ఎనిమిది నెలలు. ఒకామెను ఒక ఆఫీసులో "ఈ రెండు పేర్లూ నీవేనని రుజువేంది?" అని అడిగితే "నేనే రుజువు సారూ, నిలబడ్డ గదా" అంది. ఆయనకు ఆ జవాబు సరిపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే పెళ్ళిళ్ళ నమోదు తప్పనిసరి అని చట్టం చేశారు. మన సభ్యుల్లో ఎందరి దగ్గర ఆ సర్టిఫికెట్ ఉంది?

నామినీ విషయం కూడా ఇంతే. పెళ్ళికి ముందు ఉద్యోగంలో చేరినవాడు తల్లి పేరో, తమ్ముడి పేరో రాస్తాడు. ప్రావిడెంట్ ఫండు నియమాల్లో కుటుంబం ఏర్పడ్డాక పాత నామినేషన్ చెల్లదని ఉంది. చెల్లదని ఉన్నా, కొత్తది రాయకపోతే అత్తాకోడళ్ళను కోర్టుకు పంపడానికి అది చాలు.

కాంట్రాక్టు కార్మికుల ఇళ్ళలో దెబ్బ ఇంకో చోట తగులుతుంది. కాంట్రాక్టరు మారినప్పుడల్లా "పాత పీఎఫ్ తీసేసుకో" అంటారు. చేతికి పదో ఇరవయ్యో వేలు వస్తాయి. పింఛను సర్వీసు మళ్ళీ సున్నా నుంచి మొదలు. పదేళ్ళు ఎప్పటికీ నిండవు. తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ అడిగితే ఆ సర్వీసు తర్వాతి ఉద్యోగంలో కలుస్తుందని ఏ మేస్త్రీ చెప్పడు. ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. పనిలో ఉండగా కార్మికుడు చనిపోతే పదేళ్ళ నిబంధన లేదు. ఒక్క నెల చందా కట్టి ఉన్నా భార్యకు పింఛను హక్కు ఉంది. దానితోపాటు 1976 నాటి డిపాజిట్ అనుసంధాన బీమా కింద, 2021 నుంచి ఏడు లక్షల దాకా రావచ్చు. లారీ కింద పడి పోయినవాడి కుటుంబానికి కాంట్రాక్టరు ఇరవై వేలు చేతిలో పెట్టి తెల్ల కాగితం మీద వేలిముద్ర తీసుకుంటుంటే, ఈ రెండు విషయాలు తెలిసిన మనిషి అక్కడ ఒక్కరుండాలి.

ఇవేవీ లేనివాళ్ళే మనలో ఎక్కువ. పాలమూరు లేబరును తీసుకోండి. దేశంలో ఎన్నో డ్యాములు, కాలువలు ఆ చేతులు కట్టినవే. మేస్త్రీ జంటలను లెక్కపెట్టి తీసుకుపోతాడు. మగడు తవ్వితే ఆలు మోస్తుంది. కానీ అడ్వాన్సు రాసేది మగడి పేరున, లెక్క చెప్పేది మగడికి. అరవై ఏళ్ళు వచ్చేసరికి ఆ జంటకు మిగిలేది నడుము నొప్పి, ప్రభుత్వ పింఛను. ఆసరా పథకాన్ని 2014 నవంబరులో మొదలుపెట్టింది అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులోనే. రెండు వందలు ఉన్నది వెయ్యి అయింది, 2019లో 2,016 అయింది. నిజంగానే ఎందరి బతుకో నిలబెట్టింది, ఆ మాట చెప్పాలి. అయితే వృద్ధాప్య పింఛను ఇంటికి ఒక్కరికే అన్నారు. ఆడవాళ్ళకు ప్రాధాన్యం ఇవ్వాలని మార్గదర్శకాల్లో రాశారు కూడా. ఊళ్ళో ఏం జరిగింది? మగడు పెద్దవాడు, ముందు అతనికే వయసు నిండింది, అతని పేరే ఎక్కింది. అతను పోయాక ఆమె మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ మంజూరు కోసం ఎదురుచూపు. ఇద్దరికీ అర్హత ఉన్న ఇంట్లో ఆమె పేరు రాయించండి. ఆ డబ్బుతో ఇద్దరూ తింటారు. అతను పోతే కనీసం ఆ నెల ఆగదు. ఇద్దరికీ ఇవ్వాలని అడగడం మాత్రం ఆపవద్దు.

ఈ మాట రాయడానికి నాకు కోపంగా ఉంది, అయినా రాస్తాను: పీఎఫ్ పింఛను పన్నెండు వందలు వస్తోంది కదా అని ఒక మండలంలో వితంతువు ఆసరా దరఖాస్తును పక్కన పెట్టేశారు. పదేళ్ళు చందా కట్టిన కుటుంబానికి, ఏమీ కట్టనివారికి వచ్చేదానికన్నా తక్కువ. రెండోవాళ్ళకు ఎక్కువని నా బాధ కాదు, అదీ చాలీచాలనిదే. కేంద్రం వితంతు పింఛనుకు తన వంతుగా ఇస్తూ వచ్చింది మూడు వందలు.

సగం తప్పదు, లెక్కలు ఒప్పుకోవు అనేవాళ్ళకు ఒక్క ప్రశ్న. 2015లో ఇదే కేంద్రం తెచ్చిన అటల్ పింఛనులో, చందాదారు చనిపోతే భార్యకు లేదా భర్తకు అంతే మొత్తం వస్తుంది. పెళ్ళయినవాళ్ళయితే నామినీ కూడా వాళ్ళే. 2019లో అసంఘటిత కార్మికులకని తెచ్చిన శ్రమయోగి పింఛనులో మళ్ళీ సగమే. ఒకే ప్రభుత్వం, రెండు లెక్కలు. చందా అందుకు తగ్గట్టు నిర్ణయిస్తే పూర్తి పింఛను ఇవ్వవచ్చునని తానే చూపించింది. మరి ఇ.పి.ఎస్.లో కనీసం 2008లో తీసేసిన ఏర్పాటైనా ఎందుకు తిరిగి ఇవ్వదు?

అందుకని మనం అడగవలసింది ఇది. ముందస్తు పింఛను, పీఎఫ్ పింఛను సర్వీసు డబ్బు తీసేసుకోవడం, భార్య వాటా లేని యాన్యుటీ, ఈ మూడింటిలో ఏదీ జీవిత భాగస్వామి తెలిసి పెట్టిన సంతకం లేకుండా చెల్లకూడదు. ఫారాలు తెలుగులో ఉండాలి. పింఛను ఆర్డరు కాపీ ఒకటి ఆమె చేతికి, ఆమె పేరున ఇవ్వాలి. 2025 జనవరి నుంచి ఇ.పి.ఎస్. పింఛను దేశంలో ఏ బ్యాంకులోనైనా తీసుకోవచ్చునని మార్చారు. బ్యాంకు కోసం ఇంత చేయగలిగినవాళ్ళకు మనిషి కోసం ఒక కాగితం అదనంగా ముద్రించడం కష్టం కాదు.

చట్టం మారేలోపు సంఘం మీటింగుల్లో చేయగలిగిన పని ఒకటుంది. నల్లగొండ వైపు రెండు ఊళ్ళలో మొదలుపెట్టాం. భర్తలు యాభై దాటిన సభ్యులు, వాళ్ళు ఒప్పుకుంటే భర్తలతో సహా, ఒక ఆదివారం కాగితాల సంచి తెచ్చుకుంటారు. ఆధార్, పీఎఫ్ పాస్‌బుక్, రేషను కార్డు, పెళ్ళి సర్టిఫికెట్ ఉంటే అది, అన్నీ చాప మీద పరిచి పేర్లు కలుస్తున్నాయా చూస్తాం. నామినీ ఎవరో ఫోనులో చూస్తాం. తర్వాత ఇద్దరినీ కూర్చోబెట్టి మూడు అంకెలు రాస్తాం: ఇప్పుడైతే ఎంత, ఆగితే ఎంత, ఒక్కరే మిగిలితే ఎంత. మగవాళ్ళలో కొందరు మధ్యలోనే లేచిపోతారు. కొందరు మూడో అంకె దగ్గర ఆగి, "మల్లొక్కసారి చెప్పమ్మా" అంటారు. ఒకాయన ముందస్తు పింఛను ఫారాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఆయన ఇంకా ఇవ్వలేదని ఆయన భార్య మొన్న చెప్పింది.

మూడు అంకెలు వేసుకునే ఆ కాగితం నమూనా మా దగ్గర ఉంది. కావలసినవాళ్ళు పత్రిక చిరునామాకు రాయండి. మీ ఊళ్ళో భర్త పోయాక పింఛను సగమైనవాళ్ళు, అసలు రానివాళ్ళు ఉంటే వాళ్ళకు ఎంత వస్తోందో, ఆ నిర్ణయం జరిగిన రోజు వాళ్ళను ఎవరైనా అడిగారో లేదో కూడా రాసి పంపండి. పేర్లు అక్కర్లేదు.